కొమ్ము తాకిన పిల్ల

రండి, దగ్గరికి రండి. అంత దూరం కూర్చుంటే నా గొంతు మీదాకా రాదు. రంగనాయకీ, పలక పక్కన పెట్టు. ఈరమ్మా, నువ్వు పొట్టిదానివి, ముందుకు జరుగు. కాళ్లు చాపకండి, ముందువాళ్ల వీపుకి తగులుతాయి. ఊఁ, సర్దుకున్నారా? ఇక వినండి.

అనగనగా ఒక అడవిలో, మూడు కొండల నడుమ, ఒక కోన ఉండేది. ఆ కోనలో ఒక దుప్పుల మంద. అవి మామూలు దుప్పులేమీ కావు. వాటి ఉద్దేశంలో కావు, అంతే. మందలో ప్రతి దుప్పికీ నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది, బియ్యప్పిండితో బొట్టు పెట్టినట్టు. ఆ మచ్చ వాటికి మేత పెట్టేది కాదు. పులి వస్తే కాపాడేదీ కాదు. ఇంకా చెప్పాలంటే, పులికి ఇంకాస్త దూరం నుంచి కనపడేలా చేసేది. అయినా ఆ మచ్చని చూసుకుని అవి మురిసిపోయినంతగా ఏనుగు తన దంతాల్ని చూసుకుని కూడా మురిసిపోయేది కాదు. తమకి తామే 'బొట్టు దుప్పులం' అని పేరు పెట్టుకున్నాయి.

ఆ మందకి పెద్ద బొట్లప్ప. ముసలి పోతుదుప్పి. తెల్లారగానే మిట్ట ఎక్కి, తన తాత ఎవరో, తాతకి తాత ఎవరో, ఆయన ఏ గుట్ట మీద నిలబడి ఎంత గట్టిగా అరిచాడో, అంతా వినిపించేవాడు. మంద ఆకలితో వినేది. అది అయ్యాక కిందికి దిగి, అందరూ మేసే గడ్డే ఆయనా మేసేవాడు.

వాగు అవతల ఇంకో మంద ఉండేది. వాటి నుదుట మచ్చ లేదు. మిగతా అంతా ఒకటే. అవే చుక్కలు, అవే కాళ్లు, అదే భయం, అదే ఆకలి. జత కట్టే కాలం వస్తే అటువైపు పడుచు దుప్పులు రేవు దగ్గరికి వచ్చి ఇటువైపు చూసి పిలిచేవి. బొట్లప్ప కొమ్ములు దించి వాటిని తరిమేవాడు. 'బోడి మొహాలు' అని వాటికి పేరు. ఆ మొహాలతో కలిస్తే పుట్టే పిల్లకి మచ్చ రాదని ఆయనకి తెలుసు. ఎప్పుడో ఆయన మేనత్త ఒకావిడ వాగు దాటిపోతే, ఆమె పిల్లలకి ఒక్కరికీ మచ్చ రాలేదట. ఆ సంగతి ఆయన ఎలాంటి గొంతుతో చెప్పేవాడంటే, వినేవాళ్లు ఆ పిల్లలకి తలకాయలే రాలేదేమో అనుకునేవారు.

మరి మచ్చ నిలబడాలంటే ఏం చెయ్యాలి? ఉన్న పిల్లని ఉన్నవాళ్లకే ఇచ్చుకోవాలి. అందుకని వాళ్లు ఒక ఆచారం పెట్టుకున్నారు. మందలో ఆడపిల్ల పుడితే, అది ఇంకా కాళ్ల మీద నిలబడకముందే, మేనమామ వచ్చి తన కొమ్ము దాని వీపుకి తాకించేవాడు. "ఇది మాది" అనేవాడు. తనకో, తన కొడుక్కో. అంతే, పెళ్లి కుదిరిపోయినట్టే. ఆ పిల్ల అప్పటికి కళ్లు కూడా సరిగ్గా తెరిచి ఉండదు.

అలా ఎన్ని తరాలు జరిగిందో బొట్లప్పకే తెలియాలి. చివరికి ఆ మందలో వరసలు ఎలా తయారయ్యాయంటే, ఒక పిల్లకి తాతా ముత్తాతా ఒకడే. అమ్మమ్మే మేనత్త. ఆవిడ ఎదురొస్తే 'అమ్మమ్మా' అనాలో 'అత్తా' అనాలో తెలియక పిల్లలు తల వంచుకుని గడ్డి మేస్తున్నట్టు నటించేవారు. నవ్వకండి. సరే, నవ్వండి. అది నవ్వాల్సిందే.

ఆ మందలో చిలకమ్మ అని ఒక ఆడదుప్పి. బొట్లప్ప కూతురి కూతురు. దాన్ని బొట్లప్ప చిన్న కొడుక్కే ఇచ్చారు. అంటే సొంత మేనమామకి. చిలకమ్మ మెత్తనిది. ఎవరేమన్నా తల ఊపేది.

చిలకమ్మకి మొదటి ఏడు పిల్ల పుట్టింది. నిలబడలేదు. మిగతా పిల్లలు పుట్టిన పూటకే గెంతుతుంటే, ఇది పడుకున్నచోటే పడుకుంది. మూడో రోజుకి పోయింది. బొట్లప్ప వచ్చి చూసి, గ్రహణం రోజున చిలకమ్మ కాళ్లు చాపుకుని పడుకుందని, అందుకే ఇలా అయిందని తేల్చాడు. చిలకమ్మ తల ఊపింది.

రెండో ఏడు ఇంకో పిల్ల. దానికి చూపు లేదు. తల్లి వాసన పట్టుకుని తిరిగేది. వాన రోజు వాసన కొట్టుకుపోయింది, పిల్ల దారి తప్పింది, మళ్లీ కనపడలేదు. బొట్లప్ప ఈసారి దిష్టి అన్నాడు. వాగు అవతల బోడి మొహాలు చిలకమ్మ కడుపు వంక చూశాయట. దాన్ని నీళ్లు తాగడానికి ఎవరు వెళ్లమన్నారని కసిరాడు. అప్పుడూ చిలకమ్మ తల ఊపింది. కడుపుతో ఉన్నది నీళ్లు తాగకుండా ఎలా ఉంటుందని మందలో ఒక్కరూ అడగలేదు.

మూడో ఏడు మగపిల్లాడు. చక్కగా నిలబడ్డాడు, చక్కగా చూశాడు. కానీ నెమలి అరిచినా తల తిప్పేవాడు కాదు. కొండముచ్చు 'ఖక్' మని హెచ్చరిస్తే మందంతా పరుగు తీసేది, వాడు మాత్రం నిలబడి అందరి వంకా చూసేవాడు. వాడికి చెవులు వినపడవు. బొట్లప్ప ఆలోచించి, చిలకమ్మ కడుపుతో ఉన్నప్పుడు పచ్చి ఉసిరికాయలు తిన్నదని కనిపెట్టాడు.

మీరూ గమనించారా? మూడు పిల్లలు, మూడు కారణాలు. మూడింట్లోనూ తప్పు చిలకమ్మదే. బొట్లప్పకి తన నుదుటి మచ్చ వైపు ఒక్కసారీ వేలు పోలేదు. అదే, గిట్ట పోలేదు.

ఈ చిలకమ్మకి ఒక చెల్లెలు, చెంగలి. పుట్టిన రోజే పెద్ద మేనమామ వచ్చి కొమ్ము తాకించాడు, తన కొడుకు కోనప్పకని. ఆ ఏడు జత కట్టే కాలానికి చెంగలి ఈడుకొచ్చింది. పౌర్ణమికి కోనప్పతో పెళ్లి అని బొట్లప్ప చాటించాడు. ఇక పది రోజులే ఉంది.

కోనప్ప చెడ్డవాడేం కాదు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ కలిసి పెరిగారు, ఒకరి తోక ఒకరు కొరుక్కున్నారు. 'బావా' అని పిలిచినా, చెంగలికి వాడు తోడబుట్టినవాడి లాగే అనిపించేవాడు. వాడికీ అంతే. కానీ తాత ముందు నోరు విప్పే ధైర్యం వాడికి లేదు.

చెంగలి తన అక్క పిల్లాడి వంక చూసేది. వాడంటే దానికి ప్రాణం. అలాగే వాడికన్నా ముందు పోయిన ఇద్దరూ దానికి గుర్తొచ్చేవారు. ఒక రోజు నేరుగా తాత దగ్గరికే వెళ్లి అడిగింది, ఆ గ్రహణం వాగు అవతల కూడా పట్టింది కదా, మరి అక్కడి పిల్లలు గెంతుతున్నారే అని.

"బోడి మొహాలకి గ్రహణం ఏం తెలుస్తుందే" అన్నాడు బొట్లప్ప. "అలాంటివన్నీ మనలాంటి వంశాలకే పడతాయి."

చూశారా, పిల్లలు చచ్చిపోవడం కూడా ఆయనకి గొప్పే.

చెంగలికి ఏం చెయ్యాలో తోచలేదు. అడవిలో ఇతరులు ఏం చేస్తారో కనుక్కుందామని బయల్దేరింది.

ముందు ఏనుగుల దగ్గరికి వెళ్లింది. ఏనుగుల మందని నడిపే ముసలావిడ ఓపికగా చెప్పింది. మగపిల్లలు ఈడుకి రాగానే తాము మందలోంచి సాగనంపుతామని, వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి వేరే మందలో జత చూసుకుంటారని, పంపేటప్పుడు ఏడుపొస్తుందని, అయినా పంపుతామని. ఎందుకని అడిగితే, మా అమ్మ పంపింది, వాళ్లమ్మ పంపింది, మా పిల్లలు గట్టిగా ఉన్నారు, అంతకన్నా నాకు తెలియదమ్మా అంది.

తర్వాత తేనెపట్టు దగ్గరికి వెళ్లింది. ఈగలు పనిలో ఉన్నాయి, ఎక్కువ మాట్లాడలేదు. తమ రాణి పెళ్లి కోసం ఎండలో పైకి ఎగిరి, వేరే తేనెపట్ల నుంచి వచ్చిన మగ ఈగల్ని కలుస్తుందని మాత్రం చెప్పాయి. ఇంట్లోనే ఉన్నవాళ్లని ఎందుకు చేసుకోదని చెంగలి అడిగితే, ఒక ఈగ దాని ముక్కు చుట్టూ ఒక చుట్టు తిరిగి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

మూడోది కొండముచ్చు. మోదుగ చెట్టు మీద కూర్చుని ఖాళీ పక్షి గూడు ఒకటి విప్పి చూస్తోంది. చెంగలి సంగతంతా చెప్పింది. కొండముచ్చు మొదట చాలాసేపు నవ్వింది. దాని నోరు అలాంటిది.

"మీ తాతకి కొమ్ములు పెరిగినంత కాలం ఇంకేదీ పెరిగినట్టు లేదు" అంది. "ఉండు, నోటితో చెబితే మీవాళ్లకి ఎక్కదు. చూపిస్తాను."

అది చెట్టు కొమ్మ చివర ఒకే మొగ్గలోంచి విచ్చుకున్న రెండు లేతాకులు తెంపింది. "ఇవి మొగ్గలో ఒకదానిలో ఒకటి ముడుచుకుని ఉన్నప్పుడే పురుగు తొలిచింది. చూడు, దీనికి ఎక్కడ చిల్లుందో దానికీ అక్కడే." రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, దొన్నెలా మడిచి, రాతి గుంటలోని నీళ్లు ముంచింది. చిల్లు మీద చిల్లు పడింది. నీళ్లన్నీ కారిపోయాయి.

తర్వాత అందులో ఒక ఆకు పారేసి, పక్క చెట్టుకి ఎగిరి, అక్కడి నుంచి ఇంకో ఆకు తెచ్చింది. చెంగలి ఆ ఆకుని వాసన చూసి, దీనికీ చిల్లుంది కదా అంది.

"ఉంటుంది. చిల్లు లేని ఆకు ఈ అడవిలో లేదు. నాలోనూ ఏదో ఒకటి ఉంది, నీలోనూ ఉంది, పైకి కనపడదు. కానీ దీని చిల్లు వేరే చోట ఉంది." రెండూ కలిపి మడిచి నీళ్లు ముంచింది. ఒకదాని చిల్లుని ఇంకోటి కప్పింది. నీళ్లు నిలిచాయి. చెంగలి ఆ దొన్నెలోంచే తాగింది.

"ఇంట్లో ఇంట్లో చేసుకున్న ప్రతిసారీ పిల్లలు అలాగే పుడతారా?" అని అడిగింది.

"లేదు. ఒక్కోసారి చిల్లులు తప్పించుకుంటాయి. అందుకే మీ తాతలాంటివాళ్లు 'మాకేం కాలేదే' అంటారు. కానీ తరం తర్వాత తరం అదే కొమ్మ ఆకులు కోసుకుంటూ పోతే, ఇక తప్పించుకునే చోటు ఎక్కడుంటుంది? మీ మచ్చ సంగతి ఏంటనుకున్నావ్? తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు పక్కలా వస్తేనే పైకి తేలుతుంది. పిల్లాడి చెవుడూ అంతే. మీరు ఒకదాన్ని పోగుచేసుకుంటున్నామనుకుని రెంటినీ పోగుచేశారు."

చెంగలి తిరిగొచ్చేసరికి పెళ్లికి మందంతా మిట్ట కింద చేరింది. కోనప్ప ఒక పక్కన తల దించుకుని నిలబడ్డాడు. బొట్లప్ప మిట్ట మీద ఉన్నాడు. చెంగలి అందరి ముందూ తాను కోనప్పని చేసుకోనని, వాగు దాటి జత చూసుకుంటానని చెప్పింది. ఆకుల సంగతి కూడా చెప్పింది. మందలో గుసగుసలు లేచాయి. కోనప్ప అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు, వాళ్ల నాన్న చూడగానే మళ్లీ బిగబట్టాడు.

బొట్లప్ప దాని మీదికి కొమ్ములు దించలేదు. అంతకన్నా మెత్తగా, నలుగురికీ వినపడేలా అన్నాడు, "నీ కడుపున పుట్టేవాడికి మచ్చ ఉండదు. తెలుసా?"

"తెలుసు తాతా."

"మచ్చ పోతే వంశం పోయినట్టే."

"వంశం అదిగో, నీ వెనకాలే ఉంది. పిలువు."

బొట్లప్ప వెనక్కి తిరిగాడు. చిలకమ్మ కొడుకు అక్కడ అటు తిరిగి గడ్డి మేస్తున్నాడు. బొట్లప్ప పిలిచాడు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. గుట్ట మీద తన తాతకి తాత అరిచినంత గట్టిగా పిలిచాడు. కొండ మారు పలికింది. పిల్లాడు ఇంకో పరక కొరికి నమిలాడు.

అప్పుడు చిలకమ్మ ముందుకొచ్చింది.

"నా బిడ్డని పిలిచేది అలా కాదు తాతా" అంది. ముందు కాలి గిట్టతో నేలని రెండుసార్లు తట్టింది. ఆ అదురు కాళ్లకి తగిలి పిల్లాడు గిరుక్కున తిరిగి, తల్లిని చూసి, గెంతుకుంటూ వచ్చాడు. "వాడు పుట్టి ఏడాది కావస్తోంది. వాణ్ని ఎలా పిలవాలో కూడా నువ్వు తెలుసుకోలేదు. వాడి మచ్చ ఎంత వెడల్పుందో మాత్రం కొలిచి వెళ్లావు."

బొట్లప్ప మళ్లీ ఉసిరికాయల మాట ఎత్తబోయాడు.

"మూడుసార్లు తప్పు నాదే అని తల ఊపాను" అంది చిలకమ్మ. "ఈసారి ఊపను. చెంగలీ, నువ్వు వెళ్లు."

వాగు దాటినవాళ్లు తన మందలోవాళ్లు కారని బొట్లప్ప ప్రకటించాడు. చెంగలి తన అక్క మెడకి మెడ రాసి, నీళ్లలోకి దిగింది. నడుం లోతు వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. పుట్టింది మొదలు ఆ ఒడ్డు తప్ప ఇంకోటి ఎరగదు మరి. అయినా దాటింది.

అవతల ఏమైంది? పెద్ద వింతలేం జరగలేదు. వాళ్లు దాన్ని వాసన చూశారు, పక్కకి జరిగి మేతకి చోటిచ్చారు. చెంగలి తనకి నచ్చినవాణ్ని చూసుకుంది. మరుసటి ఏడు పిల్ల పుట్టింది. నుదురు నున్నగా ఉంది, మచ్చ లేదు. పుట్టిన పూటే లేచి నిలబడి, పడి, మళ్లీ లేచింది. ఆకు రాలితే చెవులు నిక్కించింది. ఎవరూ వచ్చి దాని వీపుకి కొమ్ము తాకించలేదు. చెంగలి చాలాసేపు దాన్ని నాకుతూ కూర్చుంది.

ఇటువైపు కోనలో ఆ ఏడు ఆరుగురు పుట్టారు, ముగ్గురు నిలబడ్డారు. ఆ పై ఏడు నలుగురు పుట్టారు, ఒక్కరు నిలబడ్డారు. బొట్లప్ప ఒకసారి గాలి మారిందన్నాడు, ఒకసారి గడ్డి మారిందన్నాడు. మూడోసారి ఏమన్నాడో వినడానికి ఎవరూ లేరు. ముందు చిలకమ్మ కొడుకుని తీసుకుని వాగు దాటింది. దాని మొగుడు రెండు రోజులు ఒడ్డున అటూ ఇటూ తిరిగి, మూడో రోజు తనూ దిగాడు. కోనప్పకి ఆలస్యంగానైనా ధైర్యం వచ్చింది, దాటి వెళ్లి చెంగలి స్నేహితురాల్ని చేసుకున్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. చివరికి కొమ్ము తాకించిన పెద్ద మేనమామ కూడా, మనవల్ని చూసి వస్తానని చెప్పి వెళ్లి, రాలేదు.

చిలకమ్మ కొడుకు ఏమయ్యాడని ఈరమ్మ అడుగుతోంది. మంచి మాట అడిగావు. వాడు బాగానే ఉన్నాడు. చెవులు వినపడని లోటు కళ్లతో తీర్చుకున్నాడు. ఆ మందలో వాడితో మాట్లాడాలంటే నేల తట్టడం అందరూ నేర్చుకున్నారు. వాడికీ అక్కడి పిల్లతోనే పెళ్లయింది. వాడి పిల్లలకి చెవులు ఎంత చురుకంటే, వాళ్లు నిద్రపోతున్నప్పుడు పక్కన ఎవరూ దగ్గకూడదు.

వాగు దాటినవాళ్లు బొట్లప్పని మరిచిపోలేదు. చెంగలి, కోనప్ప రేవు దగ్గరికి వచ్చి రమ్మని పిలిచారు. ఇక్కడ మేత ఉంది, తోడు ఉంది, నిన్ను ఎవరూ ఏమీ అనరు అని చెప్పారు. బొట్లప్ప ఒడ్డున నిలబడి, ఆ మందలో పెద్ద ఎవరో, ఆయన తాత ఎవరో ముందు కనుక్కుని రమ్మన్నాడు. కోనప్ప వెళ్లి అడిగి వచ్చి, వాళ్లలో సగంమంది తాతలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారని, ఎవరూ గుర్తుపెట్టుకోలేదని చెప్పాడు.

"అలాంటి చోట నేను నీళ్లు కూడా తాగను" అన్నాడు బొట్లప్ప.

తాగలేదు. వెనక్కి తిరిగి కోనలోకి వెళ్లిపోయాడు. ఆయన జీవితమంతా కోరుకున్నది ఆయనకి దక్కింది. ఆ కోనలో ఒక్క పరాయి గిట్ట కూడా పడలేదు. మూడు కొండల మధ్య గడ్డి అంతా ఆయనదే. కడుపు ఎత్తున పెరిగి, ఎండి, పడిపోయింది. మేసే నోరు ఒక్కటే.

అయిపోయింది. అలా చూడకండి, ముసలాయన మీద నాకూ కాస్త జాలి ఉంది, కాస్తే. కానీ ఒక మాట వినండి. దుప్పులకి గిట్టలున్నాయి, మనకి చేతులున్నాయి, తేడా అంతే. ఎప్పుడైనా మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉయ్యాలలో పిల్లని చూసి, "ఇది మా వాడికే" అని నవ్వుతూ అంటే, మీరూ నవ్వుతూనే ఈ కథ చెప్పండి. చెప్పాక కొట్టడానికొస్తే నా పేరు చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను. ఇక లేవండి. చాప దులిపి మడవండి. పొద్దు వాలుతోంది, అన్నాలు చల్లారిపోతాయి. ఇంటికెళ్లి కడుపునిండా తినండి.

నీతి: రక్తం గొప్పదని ఇంట్లోనే తిప్పుకునేవాళ్లు ఆ గొప్పని పిల్లల ఒంటితో చెల్లిస్తారు, జతని ఎంచుకోవాల్సింది వంశం మిగలడానికి కాదు, పుట్టబోయే బిడ్డ బాగుండడానికి.